పుట్టింట్లో రాని దగ్గు

ఇప్పుడు నేను మా డాబా మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. ఒడియాలు ఎండబెట్టి దిగి, కాకులొచ్చాయేమోనని మళ్ళీ ఎక్కి చూసి వస్తున్నాను. ఇది కూడా రాసుకోవాల్సిన సంగతేనా అని మీకనిపిస్తే మీరు అదృష్టవంతులు. పోయిన చలికాలం ఇవే మెట్ల మీద కూలబడి, నోరు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తుంటే, కింద నుంచి మా అత్తమ్మ ఒక మాట అంది.

"సాలు గని దిగు. ఈడ నిన్ను చూసేటోళ్లు ఎవ్వలు లేరు."

ఆ మాట మీది కోపంతోనే ఇది రాయడం మొదలుపెట్టాను. కోపం ఇంకా ఉంది, దాచను. కానీ మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు దగ్గుతూ ఉండవచ్చు. ఆమెకు మీరు ఏం పేరు పెట్టారో ఒకసారి చూసుకుంటారని రాస్తున్నాను.

మా ఇల్లు సిద్దిపేటలో, ఒకప్పుడు ఇంటింటికీ మగ్గం ఆడిన గల్లీలో ఉంది. మా మామయ్య గొల్లభామ చీరలు నేసేవాడట. నేను కోడలిగా వచ్చేసరికి ఆయనా లేడు, మగ్గమూ లేదు. మిగిలింది మగ్గం అర్ర, అంటే వెనక గది. అది గుంత మగ్గం. నేలలో గొయ్యి తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూర్చుని నేస్తారు. నూలు ఆరిపోతే పుటుక్కున తెగుతుంది కాబట్టి మా మామయ్య ఆ గదికి కిటికీ పెట్టలేదు, రోజూ నేల మీద నీళ్ళు చల్లి చెమ్మ నిలిపేవాడు. చీర బాగుండాలంటే గది తడిగా ఉండాలి. అందులో మనిషి పడుకుంటాడని ఎవరూ అనుకోలేదు.

మగ్గం అమ్మేశాక గొయ్యి పూడ్చాలి కదా. అత్తమ్మ పూడ్చనివ్వలేదు.

"మీ మామ బతుకంత కాళ్లు వెట్టిన జాగ అది. గండ్ల మట్టి పోస్తే ఆయనను మల్లొక్కసారి బొందవెట్టినట్టే," అంది.

అందుకని గొయ్యిని అట్లాగే వదిలి పైన షాబాదు బండలు పరిపించింది. ప్రతి దసరాకూ ఆ బండలకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేది. కొత్తలో అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. మొగుడు పోయాక కూడా ఇంత ప్రేమ ఉంటుందా అనుకున్నాను. మా బుజ్జి పుట్టాక ఆ అర్ర మాకిచ్చారు. మంచం సరిగ్గా ఆ బండల మీద వేశాం. గోడకు అవతల జాలారి, అంటే బోళ్ళు తోముకుని స్నానాలు చేసే చోటు. ముందు గదిలో అత్తమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది.

ఆ గది గోడ మోకాలి ఎత్తు దాకా ఎప్పుడూ తడిగానే ఉండేది. పండక్కి సున్నం వేస్తే నెల తిరిగేసరికి నల్లచుక్కలు లేచేవి. మా ఆయన రమేశ్ ఖరీదైన రంగు వేయించాడు. అది అప్పడంలా ఉబ్బి రాలిపోయింది. చివరికి చెక్కలా కనపడే ప్లాస్టిక్ షీట్లు గోడంతా బిగించేశాడు. గది సినిమాల్లోలా ఉందని ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. బీరువా తెరిస్తే మాత్రం పెళ్ళి చీరల నుంచి తడి గోనెసంచి వాసన వచ్చేది. మంచం కింద చెప్పులకు తెల్లటి బూజు పట్టేది. తుడిచి వేసుకునేదాన్ని.

మా ఆయనకు ఫ్యాన్లు, కూలర్లు బాగుచేసే దుకాణం ఉంది. నిరుడు ఎండాకాలం నా కోసం తనే చేత్తో ఒక కూలర్ తయారుచేసి తెచ్చాడు. దుకాణానికి వచ్చే ప్రతివాడికీ "కూలర్ కిటికీల వెట్టున్రి, లోపట వెట్టొద్దు" అని చెప్పే మనిషి, మా గదిలో మాత్రం లోపలే పెట్టాడు. పాపం, కిటికీ ఉంటే కదా! చల్లగా ఉందని బుజ్జి చప్పట్లు కొట్టింది. నా దగ్గు ఆ వారమే మొదలైంది.

వానలు పడేసరికి దగ్గుకు తోడు సాయంత్రాలు చలిజ్వరం వచ్చేది. బయట ఆరవు కాబట్టి బట్టలన్నీ ఆ అర్రలోనే తాడు కట్టి ఆరేసేదాన్ని. నీళ్ళ బిందె ఎత్తితే ఆయాసం. బుజ్జిని ఎత్తుకుంటే ఆయాసం. సీసాల కొద్దీ దగ్గు మందు తాగాను. ఒళ్ళు తగ్గడం చూసి అత్తమ్మ నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. బుజ్జిని తన పక్కన పడుకోబెట్టుకుంది. ఆ పిల్ల గడప అవతల నిలబడి "అమ్మా, నీ దగ్గరికి రావొద్దంట" అని నాకే చెప్పేది. నేను తల ఊపేదాన్ని.

టీబీ ఏమోనని పెద్ద దవాఖానకు వెళ్ళాను. తెమడ డబ్బా చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్ళు కొంచెం కొంచెంగా జరిగారు. ఒక ముసలమ్మ మాత్రం వచ్చి నాకు ఆనుకుని కూర్చుంది. కొంగు ముడి విప్పి లవంగం ఇచ్చి, "బుగ్గన వెట్టుకో బిడ్డా, గొంతు ఇడుస్తది" అంది. ఆమె ఎవరో, ఆమె రోగం ఏమిటో అడగనేలేదు. ఆ లవంగం ఘాటు ఇప్పటికీ గుర్తుంది.

టీబీ లేదని తేలింది. సంతోషంతో జిలేబీలు కట్టించుకుని ఇంటికొచ్చాను.

"లేదా? మరేం రోగమంట?" అంది అత్తమ్మ.

"తెల్వదన్నరు అత్తమ్మా. ఇంక చూడాలన్నరు."

"డాక్టరుకే తెల్వదంటే లేనట్టే గదా. గిన్నొద్దులు కంచం ఏరు వెట్టి, పిల్లను దూరముంచి, ఉత్తగనే పరేషానైనమన్నట్టు."

ఆమె ముఖంలో నిజంగా నిరాశ కనపడింది. టీబీ ఉన్నా బాగుండేది, రోగిగానైనా చూసేవాళ్ళు. జిలేబీలు మాత్రం అందరూ తిన్నారు.

ఆ రోజే మొదటిసారి నన్ను "ఇంకో రజిత" అంది. రజిత అంటే మా బావకు, అంటే మా ఆయన అన్నకు, మొదటి భార్య. నేను ఈ ఇంటికి రాకముందే ఆమెను పంపించేశారు. ఎప్పుడూ దగ్గు, ఆయాసం అని పడుకునేదట. పుట్టింటికి వెళ్తే మాత్రం లేడిపిల్లలా తిరిగేదట. పని దొంగ, నాటకాల మనిషి అని పెద్దమనుషుల్లో తేల్చి విడాకులు ఇప్పించారు. ఆమె చిన్నపిల్లను మాత్రం ఇక్కడే ఉంచుకున్నారు. తర్వాత బావ ఇంకో పెళ్ళి చేసుకుని, ఆ పిల్లను తీసుకుని మహారాష్ట్రలోని భివండికి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఎవరు సాకులు చెప్పినా "రజిత వేషాలు" అనేవారు. చిన్నపిల్లలు అన్నం వద్దన్నా అదే మాట. అంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

బతుకమ్మకు మా అమ్మగారి ఊరు కొండపాక వెళ్ళాను. వెళ్ళిన మూడు నాలుగు రోజులకే దగ్గు తగ్గింది. ఆకలి వేసింది. మా ఇంటి వాకిట్లో మంచం వేసుకుని, గాలికి, పొద్దెక్కేదాకా పడుకున్నాను. సద్దుల బతుకమ్మ నాడు చప్పట్లు కొడుతూ తిరిగి తిరిగి ఆడాను. నా గొంతు నాకు దొరికిందని పిచ్చి సంతోషం. ఎవరో వీడియో తీశారు. నేను ఇల్లు చేరకముందే అది అత్తమ్మ ఫోనుకు చేరింది.

తిరిగొచ్చిన రెండోరోజు జాలారి దగ్గర బోళ్ళు తోముతూ దగ్గు తెరలో మెలికలు తిరిగిపోయాను. అత్తమ్మ ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. అందులో నేను ఎగిరి ఎగిరి ఆడుతున్నాను.

"బతుకమ్మ ఆడంగ రాని దగ్గు బోళ్లు తోమంగ వచ్చిందానే?"

ఏం చెప్పాలి? నిజమే మరి, అక్కడ రాలేదు. నాకే అనుమానం వచ్చింది. నా ఒళ్ళే నా మీద అబద్ధం చెబుతుంటే నేను ఎవరికి మొరపెట్టుకోను? మా ఆయన వీడియో చూసి, "మంచిగనే ఆడినవ్ గద స్వరూపా" అన్నాడు. దాన్ని మెచ్చుకోలు అనుకోవడానికి ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు.

చలికాలం మొదట్లో మా బాపును పిలిపించారు. గల్లీ పెద్దమనుషులు ఇద్దరు ముందు గదిలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. అత్తమ్మ నెమ్మదిగా, చాలా మర్యాదగా చెప్పింది.

"మేమేం కొడ్తలేం, తిడ్తలేం అన్నా. మీ బిడ్డకు మీ ఇంటికాడనే పానం మంచిగుంటుందాయె. తోల్కపోండ్రి. పిల్ల మాత్రం ఈడ నాకు అలవాటైంది, ఉండనియ్యున్రి. ఆమెకు బాగైనంక సూద్దాం."

మా బాపు భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు. మా ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను బాగానే తిరుగుతోంది. దానికేమీ రిపేరు లేదు.

"వచ్చే అమాస దాకా ఆగున్రి," అన్నాడు మా బాపు చివరికి. నాకు గడువు దొరికింది. ఆ గడువులో దగ్గకుండా ఉండాలి, అంతే. లేకపోతే బుజ్జి నాకు ఉండదు. రజిత పిల్ల ఎలా పోయిందో అలాగే పోతుంది. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. చలికి తలుపులన్నీ బిగించి ఆ అర్రలో పడుకుని, నాకు రోగం లేదని నాకే చెప్పుకునేదాన్ని.

బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కుతూ మెట్ల మీద పడిపోయింది ఆ గడువులోనే. చూసేవాళ్ళెవ్వరూ లేరని అత్తమ్మ అంది కదా, ఉన్నారు. పక్కింటి డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న షాహీన్ ఆపా అంతా చూసింది. పిట్టగోడ దాటి వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుంది.

"నాటకం షాహీన్, దాన్ని లేపకు," అంది కింద నుంచి అత్తమ్మ.

"అరె అమ్మా, పెదాలు నీలంగయినయ్! నాటకం జేస్తె పెదాలు నీలంగైతయా? ఆటో పిలువు జల్ది!"

ఆటోలో దారంతా ఆపా నా వీపు రాస్తూనే ఉంది. సిద్దిపేటలో ఆక్సిజన్ పెట్టి, హైదరాబాదులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపారు. నాతో, మా ఆయనతో అత్తమ్మ కూడా వచ్చింది. నా మీద ప్రేమతో కాదు. డాక్టరుకు అసలు సంగతి చెప్పాలని వచ్చింది. ఆ మాట బస్సులోనే అంది.

డాక్టరు పెద్ద వయసు మనిషి. స్కానింగు ఫిల్ములు చూశాడు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"ఇల్లు విడిచి వేరే ఎక్కడికన్నా పోతే తగ్గుతుందా అమ్మా?"

ఈ ఒక్క ప్రశ్నతోనే కదా నన్ను ఇంట్లో దోషిని చేశారు. నోరు విప్పలేదు. అత్తమ్మ మాత్రం ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"తగ్గుతది సారూ! గదే నేను మొత్తుకునేది. పుట్టింట్ల అడుగు వెడితే సాలు, దగ్గుండది దమ్ముండది. బతుకమ్మ ఆడుతది. మా ఇంటికి రాంగనే మల్ల షురువు. కావల్నంటే ఈడియో ఉంది, చూస్తరా?"

డాక్టరు నిజంగానే వీడియో చూశాడు. చూసి ఫోను ఆమెకు తిరిగిచ్చాడు.

"మంచి పని చేశారమ్మా. ఈమె చెప్పకపోయినా మీరు చెప్పారు. రోగం ఈమెను పట్టుకుంది గానీ, అది ఉన్నది మీ ఇంట్లో. గోడలకు చెమ్మ ఉంటుందా? బూజు పడుతుందా?"

అత్తమ్మ ఫోను కొంగు చాటుకు తీసుకుంది. మా ఆయన ఆ ప్లాస్టిక్ షీట్ల గురించి చెప్పాడు. కూలర్ గురించి కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఆ ఏడుపు పెద్దమనుషుల ముందు ఏడిస్తే అక్కరకు వచ్చేది.

బూజు నుంచి లేచే కంటికి కనపడని పొడిని రోజూ పీల్చి పీల్చి నా ఊపిరితిత్తులు వాచాయట. అందరికీ అలా కాదట, కొందరికే. ఇంకొన్నాళ్ళు ఆ గదిలోనే ఉంటే వాపు కాస్తా మచ్చగా మారి, ఇక తగ్గదట. మందులు రాసి, "మందు సగమే. ఆ గదిలో పడుకుంటే ఏ మందూ పనిచేయదు" అన్నాడు.

ఇంటికొచ్చాక నాకు న్యాయం జరిగిందని మీరనుకుంటే మీకు మా అత్తమ్మ తెలియదు.

"నా ఇంట్ల రోగముందంటడా? మీ మామ గా అర్రల్నే బతికిండు. బండలు లేపుతే నేను ఊకోను," అంది. మర్నాడే తన పరుపు, బీడీల చాట తీసుకుని మగ్గం అర్రలోకి మారింది. "నేను పండుకుంట ఈడ. నాకేమైతదో సూద్దాం." మమ్మల్ని ముందు గదిలోకి తోసింది. బుజ్జి నా పక్కకు వచ్చింది. పెద్దమనుషులు మళ్ళీ రాలేదు. మందులకు నా ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది, జుట్టు రాలింది, కానీ ఎండాకాలం నాటికి మెట్లు సగం దాకా ఎక్కగలిగాను.

ఈసారి వానలకు అత్తమ్మకు దగ్గు మొదలైంది.

"తంబాకు ఘాటు," అంది. చాట పక్కన పెట్టి బీడీలు మానేసినా దగ్గు మానలేదు. దుబ్బాకలో ఉన్న మా ఆడబిడ్డ దగ్గరికి పండక్కని వెళ్ళి, ముఖం తేటపడి తిరిగొచ్చింది. వచ్చిన రెండోరోజు, జాలారి దగ్గర గోడ పట్టుకుని దగ్గుతోంది. నేను గడపలో నిలబడి చూశాను. ఎంతకాలంగానో నా నోట్లో నానుతున్న మాట అది, దానంతట అదే వచ్చింది.

"బిడ్డ ఇంటికాడ రాని దగ్గు ఈడికి రాంగనే వచ్చిందా అత్తమ్మా?"

ఆమె తల తిప్పి నన్ను చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ మాట అన్నందుకు నేను సిగ్గుపడటం లేదు. దాన్ని ఆమె నాకు ఎన్నిసార్లు వడ్డించిందో ఆమెకే తెలుసు. కొంగుతో మూతి తుడుచుకుని కొడుకును పిలిచింది.

"బండలు లేపుర్రా."

మంచం జరిపి బండలు లేపితే గొయ్యి నిండా నల్లటి నీళ్ళు. వాసనకు లేపినవాళ్ళే బయటికి పరుగెత్తారు. జాలారి గొట్టం గోడలోపల పగిలి ఏళ్ళుగా అందులోకే కారుతోంది. ఆ నీళ్ళ మీదే మేం ఇన్నాళ్ళూ పడుకున్నాం, ఆ బండలకే పసుపు రాశాం. షీట్లు ఊడదీస్తే గోడ నల్లగా, మెత్తగా, ఎలుక వీపులా నూగు పట్టి ఉంది.

మీ ఇంట్లో గోడ తడిగా ఉంటే రంగు వేయకండి, షీట్లు కొట్టకండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు వెతకండి. మా ఇంట్లో గొట్టం మార్చి, గోడ పెచ్చు రాల్చి, గొయ్యి తోడి ఆరబెట్టి మొరంతో నింపారు. గోడ పగలగొట్టి కిటికీ పెట్టారు. అవన్నీ చేస్తున్నన్ని రోజులూ నన్నూ అత్తమ్మనూ ఇంట్లో ఉండొద్దన్నాడు డాక్టరు. పరుపు పారేశాం. బీరువా ఇప్పుడు గోడకు జానెడు ఎడంగా ఉంటుంది. తడిబట్టలు లోపల ఆరేయం. ముక్కిన వాసన వస్తే అగరొత్తి వెలిగించి కూర్చోం.

గొయ్యిలో మట్టి పోసే రోజు మాత్రం మేమిద్దరం బయట నుంచే చూడ్డానికి వచ్చాం, అత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గడప బయట కూర్చుని అంది.

"రజిత గూడ గీడనే పండుకున్నది."

నాతో ఆమె ఇప్పటికీ క్షమించమని అనలేదు. కానీ ఆ వారం, "దుబ్బాకకు పోదాం నడువు" అంది. రజిత అక్కడే అన్న ఇంట్లో ఉంటూ మగ్గం మీద తువ్వాలలు నేస్తోంది. మమ్మల్ని చూసి మగ్గం ఆపింది, లేవలేదు. ఆ గది తలుపులు రెండూ తెరిచి ఉన్నాయి. అత్తమ్మ నిలబడే, గొయ్యి గురించి, నీళ్ళ గురించి, డాక్టరు మాట గురించి చెప్పింది. రజిత అంతా విని నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ దగ్గినవా చెల్లే?"

"దగ్గిన అక్కా."

"నేను నిజంగనే కావల్నని దగ్గుతున్ననేమో అనుకున్న. అందరంటుంటే నాకు గట్లనే అనిపించింది. ఈడికచ్చినంక ఒక్కనాడు దగ్గలే. అయితే వాళ్లన్నది నిజమే గావచ్చనుకున్న ఇన్నేండ్లు."

ఆమె పోగు ఒకటి అతికి, అత్తమ్మను చూసి అడిగింది.

"నా బిడ్డకు ఏమని చెప్పిన్రు?"

అత్తమ్మ నేల చూసింది.

"ఇప్పుడు తెచ్చియ్యమని అడుగుత లేను. అది వేరే ఆమెను అమ్మ అంటుందని తెలుసు. మీ అమ్మ నాటకాలు చేయలేదని ఒక్క మాట చెప్పున్రి. మీ నోటితోనే చెప్పున్రి."

బస్టాండుకు వచ్చి కూర్చున్నాక అత్తమ్మ ఫోను తీసి భివండికి కలిపింది. పిల్లే ఎత్తింది. "నానమ్మా!" అని అరిచిన అరుపు నాకూ వినపడింది. అత్తమ్మ మాట్లాడబోయింది. దగ్గు తెర వచ్చింది. ఆగకుండా వచ్చింది. అటు నుంచి పిల్ల నవ్వుతోంది.

"ఏంది నానమ్మా, రజిత వేషాలా? మాట్లాడు జల్ది."

అత్తమ్మ నా వైపు తిరిగింది. ఫోను నా చేతిలో పెట్టి, చెప్పమన్నట్టు చూసింది. నేను దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను.